బడి సంఘమున కెవరి నెన్నుకొందము?

ప్రొద్దుటూరున పంతులుగా చేరి, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు బడులలో తల నెరసినవాడను. నేడొక చిన్న యెన్నికను గూర్చి ముచ్చటించెదను.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రభుత్వ పాఠశాల కొక యాజమాన్య సంఘము నేర్పరచినది. అందు ముప్పాతిక మందియైన తల్లిదండ్రులో, సంరక్షకులో యుండవలెను. సభ్యులలో సగము స్త్రీలు. బడికి వచ్చిన సొమ్మెట్లు వ్యయమగుచున్నదో చూచువారు వీరే. మన రాష్ట్రమున 2024 ఆగస్టులో ఈ యెన్నికలు జరిగినవి. శాసనసభ యెన్నికకు నెలదినములు వాదులాడు రచ్చబండ, దీనికి మాత్రము పావుగంటయైన చాలుననును.

ఒక యూర (పేరు చెప్పను) మాటకారి, భూవసతి గలవాడు అధ్యక్షుడయ్యెను. ఏడాదిలో బడిగడప త్రొక్కలేదు. మరుగుదొడ్డికి నీరు లేక పెద్ద బాలికలు మధ్యాహ్నమే యిండ్లకు పోవుచుండిరి. ఎన్నికనాడు నేనును నోరు మెదపనైతిని. తరువాతిమారు శనగచేలకు కూలికి పోవు నొక తల్లి నెన్నుకొనిరి. ఆమెకు సంతకము దప్ప చదువు రాదు. అయినను భోజనవేళకు వచ్చి పిల్లల యన్నము రుచి చూచెడిది. నెల తిరుగకముందే నీటిగొట్టము వేయించినది.

కావున నిలుచున్నవారి నడుగుడు: పోయిన నెలలో బడి కెన్నిమారులు వచ్చితిరి? పంతులు రానినాడు, అతడు మీ బంధువైనను, ఏల రాలేదని యడుగగలరా? ఈ ప్రశ్నకు తటాలున ఔననువానికన్న తడబడువాడే నాకు నచ్చును.

కొడుకు, కోడలు కువైటుకో బెంగుళూరుకో పోయినచో, మనుమని సంరక్షకులైన మీకే యోటు. జాబితా ముందుగా బడిలో అంటింతురు. మీ పేరున్నదేమో చూచుకొనుడు.