టేకులపల్లి బడికి శాస్త్రజ్ఞుఁడు

శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి 1942లో స్థాపితమైన సెప్టెంబరు 26వ తేదీని పురస్కరించుకొని, ఆ మండలికే చెందిన హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రము (సీసీఎంబీ) తన ప్రయోగశాలల ద్వారములను విద్యార్థులకు తెఱచుచుండుట కలదు; సూక్ష్మదర్శినిలోనికి తొంగిచూచు బాలునకు పరిశోధకుఁడే స్వయముగా సమాధానము చెప్పుట ఎంతయు ముదావహము. ఆ మండలి 2017లో ఆరంభించిన జిజ్ఞాస పథకము ఈ సంబంధమును కేంద్రీయ విద్యాలయములకు విస్తరింపఁజేసినది. అయినను మన టేకులపల్లి మండలపు అడవిపల్లెల కోయ, లంబాడీ బిడ్డలకు హైదరాబాదు బహుదూరము; శాస్త్రజ్ఞుఁడే ఇటు రావలెనని నా దృఢాభిప్రాయము.

వచ్చినచో చూపుటకు కొఱత లేదు. 1871లో కింగు అను భూగర్భశాస్త్రవేత్త మన పొరుగున ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనెను. మన మండలముననే కోయగూడెము ఓపెన్‌కాస్టు గని వెలసినది. గోదావరీ లోయలోని ఆ బొగ్గుపొరల నడుమ దొరకు పలకఱాతిని పగులఁగొట్టినపుడు, ఒక్కొక్కప్పుడు, 25 కోట్ల సంవత్సరములకు పైఁబడిన గ్లాసోప్టెరిస్ ఆకు, నాలుకవంటి ఆకృతితో, స్ఫుటమైన నడియీనెతో, దానికి ఇరుప్రక్కల అల్లుకొన్న సన్నని ఈనెలతో అచ్చుపడి కానవచ్చును. తండ్రి త్రవ్వుచున్న బొగ్గు ఒకప్పుడు అడవియే యని ఎఱుఁగని బిడ్డ చేతిలో ఆ ఱాతిని పెట్టి, దీని వయస్సు ఎట్లు తెలిసినదని ఆ బిడ్డచేతనే అడిగించి, తెలిసినంత చెప్పి, తెలియనిది తెలియదని ఒప్పుకొనునట్టి పరిశోధకుఁడొకఁడు ఏఁటికొక పర్యాయమైనను మన బడికి వచ్చుఁగాక.