ఒక్క పర్యాయపు ప్రతిపక్ష సభ్యుడు



ఎన్నికలు సమీపించినప్పుడు మన గ్రామములలో ఒక మాట తరచుగా వినబడుచుండును. "ప్రభుత్వ పక్షమువానిని పంపినచో రోడ్డు వచ్చును, నీళ్లు వచ్చును, ప్రతిపక్షమువానిని పంపిన మనకేమి వచ్చును?" అని. ఈ మాటను నేను తేలికగా త్రోసివేయను. అవసరములు గలవారి నోట పుట్టిన మాట యిది. అయినను ఇందులో ఎంత సత్యము కలదో ఒక మనిషి చరిత్రను పట్టి విచారించుట మేలు. అందుచేత విశాఖపట్టణము నుండి ఒకే ఒక పర్యాయము లోకసభకు వెళ్లిన తెన్నేటి విశ్వనాథంగారిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని.

విశ్వనాథంగారు 1895లో విశాఖ ప్రాంతమందలి లక్కవరమున జన్మించిరి. న్యాయశాస్త్రము చదివిరి, స్వాతంత్ర్యోద్యమమున ప్రవేశించి కారాగారవాసము ననుభవించిరి. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారికి కుడిభుజమై మెలగిరి. పంతులుగారి ఆత్మకథయైన "నా జీవితయాత్ర"లో నాలుగవ భాగమును వ్రాసినది వీరే. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ప్రకాశంగారు ముఖ్యమంత్రి, వీరు ఆర్థికమంత్రి. ఆ మంత్రివర్గము 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానమునకు ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. అధికారమున్నవారి బాధ్యత యేమో, ఎదుటి వరుసలలో ఎత్తిన ఒక్క చేతికి బలమెంతో, ఆయన స్వానుభవమున ఎరుగుదురు.

ఇక ఉక్కు సంగతి. దక్షిణదేశమున ఉక్కు కర్మాగారమును విశాఖయందు స్థాపించుట యుక్తమని 1965లో విదేశీ నిపుణుల సంఘమొకటి సిఫారసు చేసెను. కేంద్రప్రభుత్వము మాత్రము జాప్యము చేసెను. 1966 అక్టోబరులో టి. అమృతరావుగారు విశాఖలో నిరాహారదీక్షకు పూనుకొనిరి. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అను కేక ఊరూరా మ్రోగెను. నవంబరు 1వ తేదీన విశాఖలో పోలీసులు కాల్పులు జరిపిరి. రాష్ట్రమంతటను ఈ ఉద్యమమున 32 మంది ప్రాణములు కోల్పోయిరని చెప్పుదురు. వారిలో విద్యార్థులును ఉండిరి. ఆ ఉద్యమమునకు ముందు నిలిచిన పెద్దలలో విశ్వనాథంగా రొకరు.

కొలది నెలలకే 1967 సామాన్య ఎన్నికలు వచ్చినవి. అప్పటికి ఆయన వయస్సు 71 సంవత్సరములు. స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి గెలిచిరి. నాడు లోకసభలో కాంగ్రెస్సువారు 283 మంది, మంత్రిపదవులన్నియు వారివే. ఎదుటి వరుసలలో కూర్చున్న ఈ వృద్ధుని చేత ఖజానా తాళములు లేవు, అధికారులపై ఆజ్ఞ లేదు.

మరి ఉన్నదేమి? ప్రశ్నించు హక్కు ఉన్నది. పార్లమెంటు దినచర్యలో ప్రశ్నలకొక గంట ప్రత్యేకముగా కేటాయింపబడినది. సభ్యుడు అడిగినదానికి మంత్రి నిలువబడి ఉత్తరము చెప్పవలెను. చెప్పినది అచ్చున నిలిచిపోవును. మరుసటి ఏడు "నాడట్లంటిరే, నేడిట్లేల?" అని నిలదీయుటకు అది ఆధారము. సర్కారు ఖర్చులను తరచి చూచు ప్రభుత్వ లెక్కల సంఘమునకు ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడగు ఆచారము ఆ 1967లోనే మొదలైనది. చెరువుతూము కడ కావలియుండు నీరుకట్టు వాన కురిపింపలేడు. కాని గండి పడనున్నదని కేకవేయువాడు వాడే. ప్రతిపక్ష సభ్యుని పనియు నట్టిదే.

1969లో కాంగ్రెస్సు రెండుగా చీలెను. ఇందిరాగాంధీగారి ప్రభుత్వమునకు ఇతర పక్షముల మద్దతు అవసరమయ్యెను. 1970 ఏప్రిల్ 17న విశాఖలో ఉక్కు కర్మాగారమును స్థాపింతుమని ఆమె పార్లమెంటులో ప్రకటించిరి. ఈ ఫలితము ఒక్క విశ్వనాథంగారిదే యని నేననను. ప్రాణములిచ్చినవారిది, దీక్ష పట్టినవారిది, తరువాత తమ భూములు వదలుకొన్న రైతులది కూడ. అయితే వీధిలో పుట్టిన కోర్కె వీధిలోనే చల్లారిపోకుండ, దానిని చట్టసభ లోపలికి మోసికొనిపోవు మనిషి యొకడు కావలయును. ఆ పనికే విశాఖ ప్రజ లాయనను పంపిరి.

పిమ్మట జరిగినది వినుడు. 1970 డిసెంబరు 27న లోకసభ గడువునకు ముందే రద్దయ్యెను. 1971 జనవరి 20న ప్రధానమంత్రి విశాఖకు వచ్చి శంకుస్థాపన చేయునాటికి విశ్వనాథంగారు లోకసభ సభ్యులు కారు. ఆ ఏటి ఎన్నికలలో విశాఖస్థానము కాంగ్రెస్సు పక్షమున నిలిచిన పి.వి.జి. రాజుగారికి దక్కెను. విశ్వనాథంగారు 1979లో కాలధర్మము నొందిరి. కర్మాగారమును జాతికి అంకితము చేసినది 1992లో, పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా నుండగా. విత్తినవారికి పంట చూచు భాగ్యము కలుగలేదు.

ఇందు మనకు సంబంధించినది మరియొకటి కలదు. కర్మాగారమునకు భూములిచ్చిన గ్రామముల వారికి పరిహారము, ఉద్యోగము అను చిక్కులు దీర్ఘకాలము మిగిలిపోయినవి. అట్టి చిక్కులను ప్రభుత్వ పక్షపు సభ్యుడు గట్టిగా అడుగుటకు సందేహించును. తన మంత్రికి ఇబ్బంది కలుగునని జంకును. ఆ జంకు లేనివాడు సభలో ఒక్కడైన లేకున్న, బీదరైతు మొర ఎవరి చెవిని బడును?

కావున గ్రామపెద్దలకు నా మనవి ఇది. మీరు ఓటిచ్చు అభ్యర్థి ఏ పక్షమువాడైనను కావచ్చును. అది మీ ఇష్టము. గెలిచిన పిమ్మట మాత్రము ఏడాది కొకమారైన ఆయనను రచ్చబండ కడకు పిలువుడు. సభకు ఎన్ని దినములు వెళ్లితిరి, మా విషయమై ఏమి ప్రశ్నించితిరి, ఏమి ఉత్తరము వచ్చినది అని మూడు సంగతులడుగుడు. సభలోని ప్రశ్నోత్తరములు నేడు అందరికిని దొరకునవే. చదువుకొన్న మీ పిల్లలచేత తెప్పించి, ఆయన చెప్పినదానితో సరిచూడుడు.

సెలవు.