యుద్ధనగరమున రాయబారి
(లేపాక్షి పఠనమందిరమున చేసిన ప్రసంగము)



అంతర్యుద్ధము చెలరేగిన పరదేశ నగరమున మన రాయబారి నిలిచియుండవలెనా, తరలిపోవలెనా యని మీరు మమ్ము నడిగితిరి. ఇది ఢిల్లీ పెద్దల చర్చ యని తోసివేయుటకు వీలులేదు. వాన మొగము చాటుచేసినప్పుడెల్ల వేరుసెనగ చేలను బీడుపెట్టి సముద్రముల కావలికి కూలికి పోవు సీమ మనది.

లిబియా సంగతి చూడుడు. 2011లో అచ్చట తిరుగుబాటు పుట్టగా మన ప్రభుత్వము ఓడలను, విమానములను పంపి పదునైదు వేలకు మించిన భారతీయులను స్వదేశమునకు చేర్చెను. అయినను జీతములకై పలువురు అచ్చటనే నిలిచిరి. 2015 జూలైలో సిర్తు విశ్వవిద్యాలయమున పనిచేయు మనవారు నలుగురు ఇంటిదారి పట్టి, నగరము దాటిన పిమ్మట సాయుధుల చేత చిక్కిరి. కన్నడ దేశమువా రిద్దరు రెండు దినములకే విడుదలైరి. తెలుగువా రిద్దరు మాత్రము 2016 సెప్టెంబరు దాక చెరలోనే యుండిరి. ఆ పదునాలుగు మాసములు వారి ఇండ్లలో పొయ్యి ఎట్లు రాజెనో ఊహించుకొనుడు.

నాడు ట్రిపోలిలో మన రాయబార కార్యాలయము తెరచియే యున్నది. ఉండి ఏమి చేసినదని కొంద రడుగుదురు. వకీళ్లము గనుక చట్టపు మాట చెప్పుదుము. చెరలోనున్న తన దేశస్థుని చూచి మాటలాడు హక్కును 1963 నాటి వియన్నా ఒడంబడిక కాన్సలునకు ఇచ్చినది. హక్కు సరియే, అర్జీ ఏ కొలువున పెట్టవలెను? ఒక దేశమున రెండు ప్రభుత్వములు, ఊరి కొక సేన. అట్టిచోట రాజముద్రకంటె స్థానికుల పరిచయమే అక్కరకు వచ్చును. తలుపు మూసిన మరునాటినుండి ఆ పరిచయము తరుగుచుండును.

2016లో ప్రభుత్వము లిబియా ప్రయాణమును నిషేధించెను. అయినను 2019 ఏప్రిలులో ట్రిపోలిపై దాడి జరుగునాటికి ఐదువందలకు పైగా భారతీయులు ఆ నగరమున నుండిరి. వెంటనే వెడలుడు, పిమ్మట మేము తేజాలమని విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ చెప్పవలసివచ్చెను. నిషేధమున్నదని కూలివానికి చెప్పు ఏజంటు ఎవడు?

2020 సెప్టెంబరులో మరి యేడుగురు స్వదేశమునకు రాబోవుచు, విమానాశ్రయపు దారిలో అపహరింపబడిరి. వారిలో ఆంధ్రులును గలరు. ట్రిపోలిలో అప్పుడు మన కార్యాలయము లేదు. ట్యూనిసులోని మన రాయబారి లిబియా ప్రభుత్వముతోను, అంతర్జాతీయ సంస్థలతోను మంతనములు సాగించెను. అక్టోబరులో అందరును విడుదలైరి. మన వీరభద్రుని గుడిలో నేల నంటని స్తంభము క్రింద గుడ్డ దూర్చి చూపుదుము గదా, ఆ కార్యాలయమును అట్టిదే.

కావున గుండ్లు కురియుచోట ఉద్యోగులను బలిపెట్టుడని మేము చెప్పము. పొరుగు నగరమునకు తరలనిండు. కాని ఆ దేశపు భాష వచ్చినవారు, రేయింబవళ్లు పలుకు టెలిఫోను, మనవారి పేళ్ల పట్టిక వారివెంట తప్పక యుండవలెను. ఆ పట్టికకు మూలము మన యూళ్లలోనే గలదు. ఈ మందిరమున ఒక పుస్తకము పెట్టుడు. ఎవరు ఏ దేశము పోయిరో, యజమాని ఎవడో, పాస్‌పోర్టు సంఖ్య ఎంతయో అందు వ్రాయింపుడు. వచ్చు ఆదివారము మేమే వచ్చి మొదటి పుట వ్రాసెదము.