పండగ పూట బెంగ

(రేడియో ప్రసంగ పాఠం)

 

నేను వృత్తిరీత్యా కంప్యూటర్ కన్సల్టెంటుని. చదివింది ఎం.సి.ఏ. మనసు గురించి చెప్పడానికి నేనేమీ డాక్టర్ని కాను. కాకపోతే పండగ వస్తోందంటే చాలు, భీమవరం పక్కనున్న మా ఊరు గుర్తొచ్చి దిగాలు పడేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ ఒక్క అర్హతతో ఈ నాలుగు మాటలు చెప్పడానికి వచ్చాను.

మన భాషలో దీనికి చిన్న మాట ఒకటి ఉంది. బెంగ. తల్లిని వదిలి అమ్మమ్మగారింట్లో ఉన్న పిల్ల అన్నం మానేస్తే "బెంగ పెట్టుకుంది" అంటాం. ఒళ్ళు వెచ్చబడితే "బెంగజ్వరం" అంటాం. కొత్తగా కాపురానికి వెళ్ళిన ఆడపిల్లకి బెంగ అంటే ఎవరూ నవ్వరు. అదే ముప్ఫై అయిదేళ్ళ మగవాడు, నలుగురికి పని చెప్పే ఉద్యోగంలో ఉన్నవాడు, నాకు ఇంటి మీద బెంగగా ఉంది అని చెప్పగలడా? చెప్పలేడు. "కొంచెం టెన్షన్‌గా ఉంది", "నిద్ర సరిగా లేదు" అని దాటేస్తాడు.

ఇదేమీ మన ఒక్కరి జబ్బు కాదు. 1688లో స్విట్జర్లాండులోని బేసెల్‌లో జొహన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళు చిక్కిపోవడం గమనించి, దాని మీద ఒక సిద్ధాంత వ్యాసమే రాశాడు. ఇంటికి తిరిగి రావడం, నొప్పి అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి "నోస్టాల్జియా" అనే పేరు పెట్టాడు. రోగిని ఇంటికి పంపడమే దీనికి సరైన మందు అన్నాడు. బాగానే ఉంది. కానీ ఆ మందు మనలో ఎంతమందికి అందుబాటులో ఉంటుంది? సెలవు దొరకాలి, టిక్కెట్టు డబ్బులుండాలి, ఊళ్ళో అప్పు తీరాలి. భార్యాపిల్లల్ని ఇక్కడికే తెచ్చుకుందామంటే అదీ అందరికీ కుదరదు. 2024 జనవరిలో కువైట్ ప్రభుత్వం ఫ్యామిలీ వీసాలు తిరిగి మొదలుపెట్టినప్పుడు జీతం కనీసం 800 దినార్లు ఉండాలని నిబంధన పెట్టింది. డ్రైవరుకీ, దుకాణంలో పనిచేసేవాడికీ అంత జీతం ఎక్కడిది? అందుకే పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు కూడా ఇక్కడ బ్యాచిలర్ రూముల్లోనే ఉంటారు.

మరి పండగ పూటే ఇది ఎందుకు ఎక్కువవుతుంది? నాకు తోచిన సంగతి ఒకటి చెప్తాను. ఇండియా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి ఊళ్ళో భోగిమంట వేస్తే ఇక్కడ రాత్రి రెండు గంటలు. అక్కడ విస్తళ్ళు వేసి వడ్డించే పన్నెండున్నరకి మనకి పది. మనం ఆఫీసులో ఏదో మీటింగులో ఉంటాం. సాయంత్రం అయిదింటికి బయటపడి ఫోన్ చేస్తే అక్కడ రాత్రి ఏడున్నర. చుట్టాలు వెళ్ళిపోయారు, అమ్మ అలసిపోయి నడుం వాల్చింది. పండగ మొత్తం మనం కీబోర్డు ముందు ఉండగానే అయిపోయింది. సంక్రాంతికి ఇక్కడ సెలవు లేదు. ఉగాదికి లేదు, దసరాకి లేదు, డిసెంబరు 25కీ లేదు. అందుకే మనం పండగని దగ్గరలో ఉన్న శుక్రవారానికి జరుపుకుంటాం. మంచి ఉపాయమే గానీ అసలు తేదీ ఊరుకోదు. ఆ రోజు పొద్దున్నే ఫోన్లో ఫోటోలు వచ్చి పడుతూనే ఉంటాయి.

సెలవు ఒక్కటి దొరికితే చాలు, బెంగ పోతుందని కొందరంటారు. రాయచోటి నుంచో కడప నుంచో వచ్చిన ముస్లిం సోదరుణ్ణి అడగండి. అతని పండక్కి కువైట్ అంతా సెలవే. వీధుల్లో దీపాలు, మసీదుల్లో నమాజు, అన్నీ ఉన్నాయి. అయినా నమాజు అయ్యాక రూముకి వచ్చి తలుపు వేసుకుంటే, ఊళ్ళో అమ్మ చేసే షీర్ ఖుర్మా గుర్తొస్తుంది. నరసాపురం నుంచో రాజోలు నుంచో వచ్చిన క్రైస్తవ సోదరి కువైట్ సిటీలో చర్చికి వెళ్ళి తెలుగులోనే ప్రార్థన చేసుకుని వస్తుంది. తర్వాత ఇంట్లో నక్షత్రం ఎవరు కట్టారో అని ఫోన్ చేసి కనుక్కుంటుంది. కాబట్టి సెలవుతో తీరేది కాదు ఇది.

2020 ఉగాది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది మార్చి 25న ఉగాది. సరిగ్గా ఆ రోజు నుంచే ఇండియాలో లాక్‌డౌన్. ఇక్కడ మార్చి 13 నుంచి ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, 22 నుంచి కర్ఫ్యూ. కువైట్‌లో ఉన్న అన్నా, హైదరాబాదులో ఉన్న తమ్ముడూ ఇంటికి ఒకే దూరంలో ఉండిపోయిన పండగ అది. ఇద్దరూ ఫోన్లోనే అమ్మకి కనిపించారు.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, మన ఊళ్ళల్లో పండగంటే పని. నెల ముందు నుంచీ బూజులు దులపాలి, సున్నం వెయ్యాలి, బియ్యం నానబెట్టాలి, పిండి కొట్టించాలి, పెరట్లో పొయ్యి పెట్టాలి. అరిసెలు వండాలంటే ఒకరు పాకం చూడాలి, ఒకరు వత్తాలి, ఒకరు నూనెలోంచి తీసి చెక్కల మధ్య నొక్కాలి. చిన్నపిల్లలకి కూడా గొబ్బెమ్మలకి పూలు తెచ్చే పని ఉంటుంది. ఆ హడావిడిలో దిగులుపడే తీరిక ఎవరికీ ఉండదు. ఇక్కడికి వచ్చాక ఆ పనంతా పోయింది. స్వీట్లు డబ్బాలో వస్తాయి, బట్టలు మాల్‌లో కొంటాం, భోజనం పార్శిల్. పని పోయి పండగ ఒక్కటే మిగిలితే ఆ ఖాళీలో బెంగ వచ్చి కూర్చుంటుంది. ఫోన్ పట్టుకుని అక్కడి పండగని సినిమాలాగా చూస్తూ ఉంటాం. "బాగున్నావా?" అంటే "బాగున్నాను". "తిన్నావా?" అంటే "తిన్నాను". రెండువైపులా అబద్ధాలే. అమ్మ మోకాళ్ళ నొప్పి చెప్పదు, మనం రాత్రి నిద్ర లేదని చెప్పం.

అందుకని నా మొదటి సలహా, పండగ పనిలో కొంతైనా తిరిగి తెచ్చుకోండి. అన్నీ చెయ్యనక్కరలేదు, ఒక్కటి చాలు. భోగిమంట వెయ్యలేం, కారిడార్లో ముగ్గు వేస్తే బిల్డింగు హారిస్ ఊరుకోడు, నిజమే. హాల్లో తివాచీ మడిచి గచ్చు మీద వేసుకోవచ్చు. ముగ్గు వేసేటప్పుడు పిల్లల చేత అమ్మమ్మకి ఫోన్ చేయించండి. "అమ్మమ్మా, ఎన్ని చుక్కలు?" అంటే ఆవిడ "పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్క" అంటుంది. "అలా కాదే, ఆ గీత అవతలి నించి తిప్పు" అని కోప్పడుతుంది. చూడండి, అదే ఫోన్, అదే వీడియో, కానీ ఇప్పుడు ఆవిడకీ ఒక పని దొరికింది. అసలు బెంగ మనకంటే ఎక్కువగా పెట్టుకునేది ఆవిడ. మనకి ఆఫీసైనా ఉంది, ఆవిడకి గుమ్మం వైపు చూడటం తప్ప ఏముంది?

బ్యాచిలర్ రూముల్లో ఉన్న తమ్ముళ్ళకి కూడా ఇదే మాట. ఆరుగురున్న రూములో శుక్రవారం పొద్దున్నే గారెలు వెయ్యండి. పిండిలో నీళ్ళెక్కువై గారెకి చిల్లు పడకపోతే ఇంటికి ఫోన్ చేసి అడగండి. ఆ ఫోను "బాగున్నావా" దగ్గర ఆగిపోదు. బతుకమ్మకి తంగేడు, గునుగు ఇక్కడ ఎక్కడి నుంచి వస్తాయి? పూలకొట్లో దొరికే చామంతులతోనే పేర్చండి. చిన్నదైతే ఏం, పేర్చేటప్పుడు పక్కన నలుగురుంటారు కదా. తెలుగు కళా సమితి లాంటి సంఘాలవాళ్ళు కార్యక్రమాలు చేస్తుంటారు. వాటికి ప్రేక్షకులుగా వెళ్ళి ఫోటో దిగి రావడం కంటే, కుర్చీలు వెయ్యడానికో వడ్డించడానికో గంట ముందు వెళ్ళి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇంకో చిన్నమాట. దూరపు కొండలు నునుపు అన్నారు. మనం తలుచుకునే ఊరి పండగలో గట్టు తగాదా ఉండదు, అల్లుడి అలక ఉండదు, పండగ ఖర్చుకి నాన్న చేసిన అప్పు ఉండదు. అవి కూడా గుర్తు చేసుకుంటే ఇక్కడి శుక్రవారం పండగ అంత చప్పగా అనిపించదు. పిల్లల దగ్గర మాత్రం ఒక జాగ్రత్త ఉండాలి. "మా ఊళ్ళో అయితేనా" అని పొద్దస్తమానం అంటూ ఉంటే, సాల్మియాలోనో అబ్బాసియాలోనో పుట్టి పెరిగిన పిల్లలకి తాము చేసుకునేది దొంగ పండగ అనిపిస్తుంది. వాళ్ళకి గుర్తుండబోయేది ఇదే. దీన్ని తక్కువ చెయ్యకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పండగంటే పని అన్నాను. కానీ మనలో కొందరికి ఇక్కడ పండగంటే ఒట్టి పనే, అదీ ఎవరి పండగో. బాబా ఇళ్ళల్లో ఉండే మన అక్కచెల్లెళ్ళ సంగతి చెప్తున్నాను. రాజంపేట, రైల్వే కోడూరు వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వచ్చినవాళ్ళు ఎందరో. 2025లో ఒక చిత్రం జరిగింది. మార్చి 30న మన ఉగాదీ, కువైట్‌లో ఈదూ ఒకే రోజు వచ్చాయి. ఆఫీసుల్లో పనిచేసే మాబోటివాళ్ళకి అరుదుగా సెలవుతో కూడిన ఉగాది. బాబా ఇంట్లో ఉన్న అక్కకి మాత్రం సంవత్సరంలో అన్నిటికంటే పని ఎక్కువుండే రోజుల్లో అదొకటి. నెల రోజులు ఇఫ్తార్ నుంచి సహర్ దాకా వంటిల్లు ఆరదు. ఆ పైన పండగ రోజు చుట్టాలు. ఫోన్ ఎప్పుడు పట్టుకోవాలో కూడా కొన్ని ఇళ్ళల్లో యజమానులే చెప్తారు. ఆవిడకి ఉగాది పచ్చడి ఎవరు పెడతారు?

చట్టం ఏమంటోందో తెలిసి ఉండటం మంచిది. ఇళ్ళల్లో పనిచేసేవారి కోసం కువైట్ 2015లో 68వ నెంబరు చట్టం చేసింది. దాని ప్రకారం వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు. ఈ సంగతి తెలియనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. శుక్రవారం కువైట్ సిటీలో మాలియా వైపు వెళ్తే మనవాళ్ళు ఎంతమంది కనిపిస్తారో మీకు తెలుసు. అలా కనిపించేవాళ్ళు ఆ ఒక్క రోజైనా బయటికి రాగలిగినవాళ్ళు. రాలేనివాళ్ళు మనకి కనబడరు. మీకు తెలిసినవాళ్ళు ఇబ్బందిలో ఉంటే ఇండియన్ ఎంబసీకి తెలియజేయండి. ఆవిడ అరబ్బీ నేర్చుకుని, భయపడకుండా తానే చెప్పుకునే దాకా ఆగకండి.

దూరం పోనక్కరలేదు. మనలో చాలామంది ఇళ్ళకి గంటల లెక్కన పని చెయ్యడానికి వచ్చే అక్కలున్నారు. పండగ నాడు మన ఇంట్లో గిన్నెలు రెట్టింపు పడతాయి కాబట్టి, ఆ రోజు "కొంచెం తొందరగా రా అక్కా" అంటాం. ఈ ఏడాది ఆవిడకి ఆ పూట సెలవివ్వండి. డబ్బు కోయకండి. అలా కుదరకపోతే, వచ్చిన వెంటనే ముందు పచ్చడి పెట్టి, మనతో పాటు కూర్చోబెట్టి భోజనం పెట్టండి. మిగిలింది డబ్బాలో సర్ది పంపడం భోజనం పెట్టినట్టు కాదు. తర్వాత ఒక గదిలో అరగంట ఫోన్ మాట్లాడుకోనివ్వండి. ఊళ్ళో ఆవిడ పిల్లలు ఆవిణ్ణి వీడియోలో చూసి ఎన్నాళ్ళయిందో మనకి తెలియదు. గిన్నెలు మనం కడుక్కుంటే అరిగిపోము.

బెంగ పూర్తిగా పోతుందని నేను చెప్పడం లేదు. పోకూడదు కూడా, అది ఉన్నంతకాలం ఊరు మనదే. కాకపోతే దాన్ని ఒంటరిగా ఒక మూల కూర్చోబెట్టకండి. వచ్చే పండక్కి మీ ఇంటి పని పట్టికలో ఒక గిన్నె ఎక్కువ పచ్చడి, ఒక ఆకు ఎక్కువ వేసుకోండి. ఎవరిని పిలవాలో ఈ వారమే అనుకోండి. వాళ్ళకి ఏ రోజు వీలవుతుందో ముందే కనుక్కుని, పండగని ఆ రోజుకే జరపండి. ఎలాగూ శుక్రవారానికి జరపడం మనకి అలవాటే కదా.