ఖాట్మండు దర్బారు చౌకు చూడబోయేవారికి



పశుపతినాథుని దర్శనానికి పోయిన మనవారు తప్పక దర్బారు చౌకు కూడా చూస్తారు. అందుచేత నాలుగు మాటలు మనవి చేస్తాను. రైలు గుమాస్తాను గనుక రైలుతో మొదలు. మన రైలు రక్సౌలు వరకే. ఆపైన బీర్‌గంజి మీదుగా బస్సు. గడియారం 15 నిమిషములు ముందుకు తిప్పుకోవాలి. మన 100 రూపాయలు వారికి 160. ధర చెప్పగానే ఏ రూపాయో అడిగితే తగువుండదు.

చౌకులో ప్రవేశానికి టిక్కెట్టు ఉన్నది. తక్కిన విదేశీయులకంటె మనకు తక్కువే. “మేమూ హిందువులమే, టిక్కెట్టెందుకు?” అని వాదించేవారున్నారు. టిక్కెట్టు లేకుండా బండెక్కినవారి వాదన నేను రోజూ వినేదే! 2015 ఏప్రిల్ 25 భూకంపంలో అక్కడ కాష్ఠమండపంతో సహా ఎన్నో కట్టడాలు కూలినవి. వాటిని మళ్ళీ నిలబెట్టడానికి ఎంత ఖర్చయి ఉంటుందో ఆలోచించండి.

అసలు చెప్పదలచినది కుమారి ఇంటినిగురించి. 1757లో జయప్రకాశ మల్ల రాజు కట్టించినాడు. నేవారులలో శాక్య కుటుంబపు చిన్నపిల్లను దేవతగా ఎంచి అందులో ఉంచుతారు. రజస్వల అయ్యేనాటికి ఆమె మళ్ళీ మామూలు పిల్లగా పుట్టింటికి పోతుంది. ముంగిలిని ఎన్ని ఫోటోలైనా తీసుకోండి. కిటికీలో ఆమె కనబడితే మాత్రం కెమెరా దించవలసిందే. నమస్కరిస్తే చాలు. కనబడలేదని కేకలు వేయడం, చప్పట్లు కొట్టడం బొత్తిగా తగదు. దారినపోయేవారు మన అమ్మాయిని అలా పిలిస్తే ఊరుకుంటామా? ఆమెకు చదువుకూడా ఇప్పుడు ఆ ఇంట్లోనే చెబుతున్నారు. మీరు వెళ్ళిన వేళకు పాఠం జరుగుతూ ఉండవచ్చును.