కొల్లేరు మన చేతిలోని అమానతు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో పిల్లల స్కాలర్‌షిప్పుల గురించి, వితంతువుల పింఛన్ల గురించి, పేదింటి ఆడపిల్లల నిఖాల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి కార్యవర్గం వారు కొల్లేరు గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని కోరారు. ఇందాక బయట టీ తాగుతూ ఒక పెద్దమనిషి, "ముస్లిం సంక్షేమ సంఘానికీ కొంగలకూ ఏమి సంబంధమండీ?" అని అడగనే అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పే ఇక్కడినుంచి దిగుతాము.

కొల్లేరు మనకు కొత్త కాదు. కృష్ణ, గోదావరి డెల్టాల నడుమ అల్లాహ్ పెట్టిన పెద్ద పళ్ళెం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో మురుగు కాలువలు అందులో వచ్చి పడతాయి. వానాకాలంలో వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా మెల్లగా బంగాళాఖాతానికి పంపుతుంది. అంటే మన ఊరి నీరు కొల్లేటిలో ఆగి, చివరకు సముద్రానికే చేరుతుంది. కొల్లేటిని కాపాడటం, సముద్రాన్ని కాపాడటం వేరువేరు పనులు కావు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు అందరమూ చూశాము. ఆ నీరు వెతుక్కుంటూ వచ్చేది ఈ పళ్ళేనికే. పళ్ళెంలో గట్లు వేసుకుంటూ పోతే నీరు ఎక్కడ నిలవాలి?

ఇక పక్షుల మాట. 1946లో కె.కె. నీలకంఠన్ గారు తాడేపల్లిగూడెం దగ్గర ఆరేడు గ్రామంలో తాటిచెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచడం చూశారు. తరువాతి కాలంలో ఇందుచూడన్ అనే పేరుతో మలయాళంలో కేరళ పక్షుల మీద పెద్ద గ్రంథం రాసినది ఆయనే. ఆరేడు గూళ్ళ సంగతి ఆయన రాతతో దేశమంతటా తెలిసింది. 1970లు ముగిసేసరికి ఆ గూళ్ళు అక్కడ లేవు. మన ఇంటి పక్కన అంత సంపద ఉండేదని గూడెంలో ఈనాటి కుర్రవాళ్ళలో ఎందరికి తెలుసు? ఇప్పుడు గూడబాతులను చూడాలంటే కైకలూరు దగ్గర ఆటపాక వెళ్ళాలి. అక్కడ చెట్లు చాలక అటవీశాఖ వారు ఇనుప స్టాండ్లు నిలబెడితే, వాటి మీద గూళ్ళు కట్టుకుంటున్నాయి.

సోదరులారా, ఈ దేశంలో పక్షులను గురించి జనానికి నేర్పినవారెవరు? డాక్టర్ సలీం అలీ గారు. పసితనంలోనే తల్లినీ తండ్రినీ పోగొట్టుకొని మేనమామ పంచన పెరిగిన అనాథ. బాల్యంలో తాను కొట్టిన ఒక పిచ్చుక ఏ జాతిదో తెలియక, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మెట్లెక్కాడు. 1883లో పుట్టిన ఆ సొసైటీ సర్కారు కచేరీ కాదు, మనలాగే సభ్యులు కూడి పెట్టుకున్న సంఘం. ఆ సంఘం ఆ కుర్రవాడిని చేరదీసింది. పెద్దయ్యాక ఆయన తనకు వచ్చిన గెట్టీ బహుమతి డబ్బును ప్రకృతి రక్షణకే మూలనిధిగా పెట్టారు. ఆయన పేరు మీద కోయంబత్తూరులో ఒక పరిశోధనా కేంద్రం వెలిసింది. అనాథలను చదివించడమే మన సంఘం పని కదా. ఒక్క అనాథ చదువు ఎంత దూరం పోతుందో చూడండి.

ఆ దూరం కొల్లేరు దాకా వచ్చింది. 1999లో ప్రభుత్వం +5 అడుగుల మట్టం వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రాంసర్ ఒడంబడిక కింద కొల్లేరుకు అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అప్పటికే సరస్సు గర్భం నిండా చేపల చెరువులు. సుప్రీంకోర్టు ఆదేశాల దరిమిలా 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరున గట్లు తెంపారు. 2008లో శాసనసభ +5 హద్దును +3కు తగ్గించాలని తీర్మానించింది. అప్పుడు కేంద్రం నియమించిన సంఘానికి అధ్యక్షులు డాక్టర్ పి.ఎ. అజీజ్ గారు, సలీం అలీ కేంద్రానికి సంబంధించిన శాస్త్రజ్ఞులు. హద్దు +5 దగ్గరే ఉండాలని 2011లో ఆ సంఘం చెప్పింది.

ఇందులో రెండో పక్షం కూడా చెప్పకపోతే మేము అబద్ధమాడినట్లే. 1976 తరువాత సహకార సంఘాలకు చెరువులు తవ్వించి ఇచ్చినది సర్కారే. గట్లు తెగిన రోజున లంక గ్రామాల్లో వడ్డి సోదరులు, దళిత సోదరులు కూలి పోగొట్టుకొని ఊళ్ళు విడిచి వలస పోయారు. పెట్టుబడి పెట్టిన పెద్దలు మళ్ళీ ఎక్కడో ఒకచోట గట్టు కట్టుకున్నారు. పేదవానికి మాత్రం కొర్రమీను, మార్పు, జెల్ల దొరికే పాత నీరూ పోయింది, కొత్త చెరువూ పోయింది. ఈ పేదవాణ్ణి మరచి పక్షి ఒక్కదాన్నే ప్రేమించమని మేము చెప్పడం లేదు.

ఇప్పుడు మన దీన్ సంగతి. నిలవ నీటిలో మూత్రం పోయవద్దని దైవప్రవక్త (స) ఖచ్చితంగా వారించారు. ఇది వజూ గురించిన మసాలాయే అనుకొని దాటిపోతున్నాము. కొల్లేరు కంటే పెద్ద నిలవ నీరు మన జిల్లాలో ఏదండీ? మదీనా చుట్టూ వేటాడరాదని, చెట్టు నరకరాదని హద్దు గీసినది ఆయనే. పశువుల మేత కోసం నఖీ అనే బీడును హిమాగా కట్టడి చేసినదీ ఆయనే. ఈనాడు సర్కారు అభయారణ్యమంటే మనకు కొత్తగా తోస్తున్నది గాని, ఆ ఆలోచన మన ఇంట్లో పద్నాలుగు వందల ఏళ్ళుగా ఉన్నదే.

ఒక పక్క చూపు చూడండి. ఆఫ్రికా తూర్పు తీరాన జాంజిబారు దీవుల్లో మిసాలి అనే చిన్న లంక ఉన్నది. ఆ పేరు నమాజు చాపను బట్టి వచ్చిందని అక్కడివారు చెప్పుకుంటారు. జాలరులు మందుపాతర పేల్చి చేపలు పడుతుంటే పగడపు దిబ్బలు నాశనమవుతూ వచ్చాయి. 1998లో ఆ లంకను రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. నోటీసులతో పని పూర్తికాలేదు. బర్మింగ్‌హాం నుంచి ఒక ఇస్లామీ పర్యావరణ సంస్థ వారు, కేర్ వంటి స్వచ్ఛంద సంస్థలతో కలిసి, అక్కడి ఇమాములను, మదరసా గురువులను కూర్చోబెట్టి, సముద్రం అల్లాహ్ మనకప్పగించిన అమానతు అనే సంగతిని ఖుర్ఆన్ ఆధారంగా చర్చించారు. సర్కారు చట్టానికి చెవి ఒగ్గని జాలరులు ఆ మాటకు చెవి ఒగ్గారు. వేలు ఖర్చు పెట్టి బోర్డులు పాతేకంటే ఒక జుమా ప్రసంగం ఎంత పని చేస్తుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇక కష్టమైన మాట. మేము ఈ మాట చెబితే కొందరికి కోపం రావచ్చు, క్షమించాలి. మన రశీదు పుస్తకాలు తిరగేస్తే చందాల్లో చేపల డబ్బు కనిపిస్తుంది. ఐసు, లారీ, వల, మేత వ్యాపారాల్లో మనవాళ్ళున్నారు. అది హలాలు సంపాదన, అందులో తప్పు లేదు. కాని హద్దు లోపల దొంగగట్టులో వాటా ఉన్నవారు మనలో ఒక్కరైనా లేరా? కోడి వ్యర్థాలను చేపలకు మేతగా వేయరాదని ప్రభుత్వం నిషేధించినా, రాత్రిపూట డ్రమ్ములు పోయే దుకాణాల్లో మనవి ఒక్కటైనా లేవా? బక్రీదు నాడు ఖుర్బానీ వ్యర్థాలు తమ్మిలేరు గట్టున పడవేసి, ఇంటికి వెళ్ళి చేతులు కడుక్కొన్నవారు లేరా? ఆ నీరే కొల్లేరు పోతుంది, ఆ చేపే తిరిగి మన పళ్ళెంలోకి వస్తుంది. కొల్లేరును పాడుచేసినవాళ్ళు ఎవరో దూరాన ఉన్నారనుకోవడం సుఖమైన మాట. మా లెక్క ప్రకారం కాపలా మన దుకాణం వెనక మురుగు కాలువ దగ్గరే మొదలు కావాలి.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. జకాత్ పైసా ఇందుకు ముట్టరాదు. దానికి హక్కుదారులు ఎనిమిది వర్గాలని ఖుర్ఆన్ తేల్చి చెప్పింది. వితంతువు నోటి దగ్గరది తీసి పక్షికి వేయమనడం లేదు. కాని సదకా ద్వారం విశాలమైనది. మనం నాటిన చెట్టు పండు పిట్ట తిన్నా అది సదకాయేనని హదీసు. ఇస్తాంబుల్‌లో పాత మసీదుల గోడలకు పిచ్చుకల కోసం చిన్నచిన్న మేడలు కట్టించారు, పక్షుల మేతకు వఖ్ఫులు రాశారు. వారికి పేదలు లేకనా? పేదకూ పిట్టకూ ఒకే రబ్ అని తెలుసు గనుక.

కాబట్టి మూడు విషయాలు సభ ముందు పెడుతున్నాము. మొదటిది, వచ్చే బక్రీదుకు ఏలూరు, గూడెం మసీదు కమిటీలు మునిసిపాలిటీతో ముందుగానే మాట్లాడి, వ్యర్థాలను గుంట తీసి పూడ్పించాలి, ఖర్చు సంఘానిది. రెండోది, సదకా ఖాతాలో కొల్లేరు పద్దు వేరుగా తెరచి, లంక గ్రామాల జాలరుల పిల్లలకు, మతం చూడకుండా, స్కాలర్‌షిప్పులు ఇవ్వాలి, మన పిల్లలను ఏటా ఒకసారి ఆటపాక తీసుకుపోవాలి. మూడోది తీర్మానం కాదు, విన్నపం. హద్దు లోపల గట్టులో వాటా ఉన్నవారు దానిని తామే వదులుకోవాలి. పేర్లు ఎవరూ అడగరు. అల్లాహ్ చూస్తూనే ఉన్నాడు.

ఇందాక టీ దగ్గర ప్రశ్న అడిగిన పెద్దలు ముందు వరుసలోనే కూర్చున్నారు. అయ్యా, ఆరేడు తాటిచెట్ల మీది గూళ్ళు మన తరం చేతిలో పోయాయి. ఆటపాక గూళ్ళు మన పిల్లల చేతికి అందించాలి. కొంగలకూ మనకూ ఉన్న సంబంధం అదే. ఇన్షా అల్లాహ్, వచ్చే ఏటి సభలో కొల్లేరు పద్దు జమాఖర్చులు చదివే భాగ్యం మనకు కలగాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.

వస్సలాం.