ఖరీదైన తీపి వైన్లు: డబ్బు పేరుకు కడుతున్నామా, రుచికి కడుతున్నామా?

ఉద్యోగంలో చేరి మొదటి జీతాలు తీసుకుంటున్న మనవాళ్లు చాలామంది రీల్స్‌లో చూసి అడుగుతున్నారు: "అన్నా, ఆ బంగారు రంగు తీపి వైన్ అంత ఖరీదెందుకు? ఒక్కసారైనా కొనాల్సిందేనా?" ఈ రోజు దాని సంగతి తేల్చేద్దాం. ముందుగా ఒక మాట. ఇది 21 ఏళ్లు నిండినవాళ్లకే. తాగే అలవాటు లేనివాళ్లు దీనికోసం మొదలుపెట్టొద్దు. షుగర్ ఉన్నవాళ్లు దీని జోలికే పోవద్దు.

ఈ వైన్లలో పెద్ద పేరు ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గరున్న సోటెర్న్. అందులోనూ పైమెట్టు షాటో డికెం. 1855లో అక్కడి వైన్లకు గ్రేడ్లు ఇచ్చినప్పుడు దీన్ని మాత్రం అన్నిటికంటే పైన విడిగా పెట్టారు. ఇప్పుడు ఒక్క సీసా కొంటే మన నెల జీతం మొత్తం పోయినా ఆశ్చర్యం లేదు.

ఎందుకంత ధర? అక్కడ సిరోన్ అనే చల్లటి వాగు గారోన్ నదిలో కలుస్తుంది. ఆకురాలే కాలంలో పొద్దున పొగమంచు, మధ్యాహ్నం ఎండ. ఆ తేమకు ద్రాక్ష మీద బోట్రైటిస్ అనే బూజు పడుతుంది. అది తొక్కకు సన్నటి రంధ్రాలు చేస్తే లోపలి నీళ్లు ఆవిరైపోతాయి. మన దగ్గర చెరకు రసాన్ని పెనంలో కాచి పాకం పడతారు కదా, అక్కడ ఆ పని బూజూ ఎండా కలిసి తీగ మీదే చేస్తాయి. పండ్లన్నీ ఒకేసారి అలా మారవు. కూలీలు అదే తోటలోకి మళ్లీ మళ్లీ వెళ్లి, బాగా ముడుచుకున్నవే ఏరి కోయాలి. ఇంత చేస్తే డికెంలో ఒక్కో తీగకు దక్కేది సుమారు ఒక గ్లాసు వైన్. 2012లో పంట తృప్తిగా లేదని అసలు డికెం సీసాలే వదల్లేదు. ధరలో ముందు కనబడేది ఈ కూలి, ఈ నష్టం. దాని పైన పేరు.

మరి రుచి? ఇక్కడే అసలు కిటుకు. మంచి తీపి వైన్‌ను నిలబెట్టేది తీపి కాదు, పులుపు. నమ్మకపోతే ఎండాకాలంలో బండి దగ్గర నన్నారి షర్బత్ నిమ్మకాయ పిండకుండా ఇమ్మనండి. రెండు గుటకలకే మొహం మొత్తుతుంది. అదే నిమ్మరసం పడితే గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆపలేం. హంగరీ వాళ్ల టోకాయ్ అసూలో చట్టం ప్రకారమే లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర ఉండాలి. కోలా డ్రింకులో ఉండేదానికన్నా ఎక్కువే. అయినా వెగటు పుట్టదు, పులుపు గట్టిగా ఉంటుంది కాబట్టి.

మేం నలుగురం ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఫ్రాన్స్‌లో చదువుతున్న స్నేహితుడు రెండు చిన్న సీసాలు తెచ్చాడు: ఒక మామూలు సోటెర్న్, ఒక మోన్‌బజియాక్. మూడోది నాసిక్‌లో తయారయ్యే సులా లేట్ హార్వెస్ట్ షెనాన్ బ్లాంక్. మూడింటికీ పేపర్ చుట్టి, నంబర్లు వేసి, తలా 50 మిల్లీలీటర్లు పోసుకున్నాం. ఇద్దరికి మోన్‌బజియాక్ నచ్చింది, ఒకరికి సోటెర్న్, ఒకరికి నాసిక్‌ది. సోటెర్న్‌లో తేడా లేదని అనను. మింగాక కూడా తేనె, నారింజ తొక్క వాసన చాలాసేపు నోట్లో ఉండిపోయింది. నాసిక్‌ది త్వరగా అయిపోయింది గానీ, మామిడిపండు గుర్తొచ్చేలా హాయిగా ఉంది. ధరలో ఉన్నంత తేడా మాత్రం నాలుకకు తెలియలేదు.

కాబట్టి కొనేటప్పుడు సూత్రం ఇది: పెద్ద పేరు పక్క ఊరు చూడండి. సోటెర్న్‌కు బదులు గారోన్ అవతలి ఒడ్డున ఉన్న లూపియాక్, సెంత్ క్రోయ్ ద్యు మోన్, లేదా తూర్పున డోర్డోన్ దగ్గరి మోన్‌బజియాక్. ద్రాక్ష రకాలు అవే, బూజు కూడా అదే. తేలిగ్గా కావాలంటే ఇటలీ మోస్కాటో డాస్టి, ఆల్కహాల్ 5 శాతం చుట్టూనే. విదేశాల నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుంటే ఒక్కొక్కరికి డ్యూటీ లేకుండా 2 లీటర్ల వరకే అనుమతి. చవగ్గా దొరికే ప్రతి "పోర్ట్" సీసా పోర్చుగల్‌ది కాదు, లేబుల్ వెనకవైపు చదవండి.

375 మిల్లీలీటర్ల సగం సీసా చాలు, నలుగురికి సరిపోతుంది. ఫ్రిజ్‌లో బాగా చల్లబరచండి. మన ఎండలకు బయట పెడితే పాడవుతుంది. పక్కన భక్ష్యాలు మాత్రం పెట్టుకోవద్దు. వాటి తీపి ముందు వైన్ పుల్లగా తేలిపోతుంది. ఉప్పు జీడిపప్పో, వేయించిన శెనక్కాయలో పెట్టుకోండి. తాగాక బండి తాళం ముట్టుకోవద్దు.

చివరగా ఒక్క మాట. ఫొటో కోసం, స్టేటస్ కోసం క్రెడిట్ కార్డు గీకి డికెం కొనకండి. వైన్ రుచి ఒక్క రాత్రిది, ఈఎంఐ ఏడాదిది. రుచి తెలుసుకోవాలనే కోరిక తప్పేం కాదు, దానికి దారులు చాలా ఉన్నాయి. అసలు తాగనివాళ్లు బాధపడక్కర్లేదు. తీపిని పులుపు ఎలా మోస్తుందో మన నన్నారి షర్బత్ ఎప్పుడో నేర్పింది. మీరు దేన్ని దేనితో పోల్చి చూశారో కామెంట్‌లో రాయండి. ఉంటాను.